తాళము విన్నంతనే పాదము ఏల కదలును?

శ్రీరామనవమి పందిరిలో చెక్కభజన జరుగుచున్నదనుకొనండి. భజన చేయువారిని కాసేపు విడిచి, చూడవచ్చినవారిని గమనించండి. కుర్చీలో కూర్చున్న వృద్ధుని వ్రేళ్లు మోకాలిపై ఆడుచుండును. కబుర్లు చెప్పుకొనుచున్న ఇద్దరు స్త్రీల తలలు, మాట ఆగకుండగనే, ఒకే కాలములో ఊగుచుండును. తల్లి చంకనున్న ఏడాది బిడ్డ కాళ్లాడించుచు కిలకిల నవ్వును. వీరిని తాళము వేయుమని ఎవ్వరును కోరలేదు. "నాకు సంగీతజ్ఞానం సున్నా అండీ" అని చెప్పుకొను పెద్దమనిషి కాలి బొటనవ్రేలు సైతము చెప్పులో కదలుచునే యుండును.

నేను నలుబది సంవత్సరములకు పైగా రోగుల నాడి చూచుచున్నవాడను. మనిషికి లయపై గల ఈ మక్కువ వినోదమునకు మాత్రమే సంబంధించినదని చాలకాలము తలచితిని. అది అడుగు తడబడిన రోగికి ఊతము కూడ కాగలదని ఒక ఇంటి గడప దగ్గర నేర్చుకొన్నాను. పాఠకులకు ఆ సంగతి చెప్పుటకే ఈ వ్యాసము.

లయ లేని జాతి లేదు

అరకు లోయలో ధింసా ఆడు గిరిజన స్త్రీలు చేతులు పెనవేసుకొని వరుసగా అడుగు వేయుదురు. ఆదిలాబాదు ప్రాంతపు రాజగోండులు దీపావళి రోజులలో నెమలి ఈకల టోపీలు ధరించి గుస్సాడి ఆడుదురు. మన ఇండ్లలో పెద్దవారు ఎరిగిన రోకటిపాట, తిరగలిపాట ఆటకు కాదు, పనికి పుట్టినవి. ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు రెండు రోకళ్లతో దంచునప్పుడు తాళము తప్పినచో రోకళ్లు ఢీకొనును, చేతులు నలుగును. పాట సాగుచున్నంతసేపు ఒక రోకలి లేచునప్పటికి మరియొకటి దిగును. బరువు తెలియదు, పొద్దు తెలియదు. అన్నమాచార్యుల వంటి మహాకవి సువ్విపాటలు, లాలిపాటలు రచించినారనగా, ఈ లయలకు మన జీవితమున ఎంతటి స్థానమున్నదో ఊహించవచ్చును.

ఇది మన దేశమునకే పరిమితమైనది కాదు. 2019లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 315 సమాజములను గూర్చిన వివరములు పరిశీలించగా, సంగీతము లేని సమాజము ఒక్కటియు కనబడలేదు. 2024లో మరియొక పరిశోధన వెలువడినది. అందులో 15 దేశములకు చెందిన 39 జనసమూహముల వారిని పరీక్షించినారు. వారికి ఒక క్రమములేని దరువు వినిపించి, విన్నదానిని వ్రేలితో తిరిగి కొట్టుమన్నారు. వారు కొట్టిన దరువునే మరల వారికి వినిపించి, మరల కొట్టుమన్నారు. ఇట్లు కొన్ని పర్యాయములు జరుగునప్పటికి, ఆ క్రమములేని దరువు కాస్తా, ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, రెండుకు మూడు వంటి చిన్న చిన్న నిష్పత్తుల వైపు జరిగిపోయినది. ఏ నిష్పత్తి ఎక్కువ ఇష్టమన్నది ప్రాంతమును బట్టి మారినది. చిన్న నిష్పత్తుల వైపు మొగ్గు మాత్రము అందరియందును కనబడినది.

తకిట, తకధిమి అని తిస్ర, చతురస్ర జాతులను నేర్చుకొను మన పిల్లలకు ఇది వింత కాకపోవచ్చును. మృదంగము ముట్టని మనిషి మనస్సు కూడ విన్నదానిని ఒక తాళములో అమర్చుకొనుటకే యత్నించుచున్నదన్నమాట.

తల్లి గర్భమే తొలి పాఠశాల

ఈ మొగ్గు ఎప్పటినుండి? గర్భస్థ శిశువు చివరి మూడు నెలలు తల్లి గుండె చప్పుడు వినుచునే పెరుగును. ఆమె నడకకు ఊగుచుండును. 2009లో ప్రకటితమైన ఒక పరిశోధనలో పుట్టి రెండు మూడు దినములైన శిశువులకు నిద్రలో ఒక దరువు వినిపించి, వారి మెదడులోని విద్యుత్ స్పందనలను నమోదు చేసినారు. నడుమ అప్పుడప్పుడు ప్రధానమైన దెబ్బను విడిచిపెట్టినారు. ఆ దెబ్బ రాకపోయిన క్షణమున శిశువు మెదడు "ఏదో తప్పినది" అన్నట్లు స్పందించినది. అనగా ఆ పసికందు రానున్న దెబ్బకై ఎదురుచూచుచున్నది. లయ యొక్క రహస్యమంతయు ఈ ఎదురుచూపులోనే ఉన్నది. తరువాతి దెబ్బ ఎప్పుడు పడునో మనకు ముందే తెలియును. అది అనుకొన్నచోట పడినప్పుడు కలుగు తృప్తియే మనలను ఊపును.

బిడ్డ ఏడ్చినప్పుడు మన అమ్మమ్మలు ఏమి చేసెడివారు? భుజమున వేసుకొని, వీపు మెల్లగా తట్టుచు, వసారాలో అటునిటు నడిచెడివారు. జపాను శాస్త్రజ్ఞులు 2022లో ఇదే విషయమును పరీక్షించినారు. ఏడ్చు శిశువును ఎత్తుకొని అయిదు నిమిషములు ఆగకుండ నడచినచో చాలమంది శిశువులు ఏడుపు మానినారు, కొందరు నిద్రపోయినారు. నిద్రపట్టిన వెంటనే పడుకోబెట్టినప్పుడు మాత్రము పలువురు మేలుకొన్నారు. కావున నిద్రపట్టిన తరువాత అయిదు నుండి ఎనిమిది నిమిషములు ఒడిలోనే ఉంచుకొని, అటు పిమ్మట ప్రక్కమీద వేయుట మేలని వారు సూచించినారు. క్రొత్తగా తల్లులైనవారు ఇది గుర్తుంచుకొనవలెను.

మన శాస్త్రములలో లయ

సుశ్రుతాచార్యులు కాలమును కొలుచుటకు ఒక లఘువైన అక్షరమును పలుకునంత సేపును ప్రమాణముగా గ్రహించినారు. అదే కంటిరెప్ప పాటు, నిమేషము. పదునైదు నిమేషములు ఒక కాష్ఠ, ముప్పది కాష్ఠలు ఒక కల. ఈ విధముగా అహోరాత్రము వరకు లెక్క సాగును. గడియారము లేని కాలమున వైద్యునికి పలుకే గడియారము.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సాగృహమును ఏ విధముగ సిద్ధపరుపవలెనో చెప్పుచు, మందులు, పాత్రలు, పరిచారకులతోపాటు పాట పాడువారిని, వాద్యములు వాయించువారిని కూడ ఉంచుకొనవలెనని చెప్పబడినది. శార్‌ఙ్గధరుడు నాడిని వర్ణించునప్పుడు వాతమునందు జలగ, సర్పముల గతి, పిత్తమునందు కాకి, కప్పల గతి, కఫమునందు హంస, పావురముల గతి ఉండునన్నాడు. నాడి ఎంత వేగముగా కొట్టుచున్నదన్న లెక్కతో ఆయన తృప్తిపడలేదు. అది ఎట్లు నడచుచున్నదో చూడుమన్నాడు.

మా గురుకులములో నాకు నాడి పట్టుకొను అనుమతి రెండవ సంవత్సరమున గాని రాలేదు. మొదటి సంవత్సరమంతయు కల్వములో మందు నూరుటయే పని. మా గురువుగారు వెనుక వసారాలో పడుకొని కళ్లు మూసుకొనియుండెడివారు. నూరుచు నూరుచు నా ధ్యాస మరలినదా, లోపలినుండి కేక వచ్చెడిది. "ఒరే, చెయ్యి కల్వంలో ఉంది, మనసు చెరువుగట్టు మీద ఉందిరా!" ఆయనకు నేను కనబడుట లేదు. కల్వపు చప్పుడులో తేడా వినబడినది, అంతే. తరువాతి కాలమున రోగి మణికట్టుపై మూడు వ్రేళ్లు ఉంచినప్పుడు ఆ సంవత్సరకాలము వ్యర్థము కాలేదని గ్రహించితిని. తప్పిన దెబ్బను పట్టుకొనుటకు ముందు, తప్పని దెబ్బ చెవికి అలవాటు కావలెను.

గడప దగ్గర ఆగిన అడుగు

కొన్ని సంవత్సరముల క్రిందట నా వద్దకు ఒక విశ్రాంత ఉపాధ్యాయులు వచ్చినారు. డెబ్బదియొకటి సంవత్సరముల వయస్సు. కంపవాతము, అనగా పార్కిన్సన్ వ్యాధి. మాధవనిదానమున వేపథువు అను పేర చెప్పబడిన వాతవ్యాధికి దగ్గరగా ఉండునది. పట్టణములోని నరముల వైద్యులు ఇచ్చిన మాత్రలు వాడుచునే, వారికి తెలియపరచి, నా చికిత్స కూడ తీసుకొనుచుండిరి. ఆరు మాసములలో చేతి వణకు కొంత తగ్గినది. నిద్ర కుదిరినది. నేను సంతోషించితిని.

వారి భార్య మాత్రము సంతోషించలేదు. ఒకనాడు ఆమె నాతో, "అయ్యా, వణుకు తగ్గింది నిజమే. కానీ గడప దగ్గరికొచ్చేసరికి ఆయన కాళ్లు నేలకి అతుక్కుపోతున్నాయి. ఈ నెలలో రెండుసార్లు పడ్డారు. రాత్రిళ్లు ఆయన చెయ్యి పట్టుకునే పడుకుంటున్నాను" అన్నది. రెండవసారి పడినప్పుడు నుదుట నాలుగు కుట్లు పడినవి. ఆ వయస్సున తుంటి ఎముక విరిగినచో మంచమునకే పరిమితము కావలసివచ్చును. ఇంతకాలము నేను వారి చేతులనే చూచితిని గాని, నడిపించి చూడలేదు. అది నా పొరపాటు.

మరునాడు వారి ఇంటికి వెళ్లితిని. హాలునుండి పడకగదికి పోవు గడప దగ్గర ఆయన నిలిచిపోయినారు. మడమలు లేచినవి, ఒళ్లు ముందుకు వంగినది, పాదములు మాత్రము కదలలేదు. భార్య చేయి పట్టుకొని లాగబోయినది. తూలిపోయినారు. నేను పట్టుకొంటిని.

ఆ సమయమున ఎనిమిదేండ్ల మనుమరాలు హాలులో చాప మీద కూర్చుండి సరళివరుసలు సాధన చేయుచున్నది. ఆదితాళము వేయుచు పాడుచున్నది. చూచుచుండగానే ఆయన కుడిపాదము లేచినది, గడప దాటినది. ఎడమపాదము దాని వెంట దాటినది. గదిలోనికి ఆరేడు అడుగులు చక్కగా వేసినారు. పాప పాట ఆపి మావైపు చూచినది. ఆయన మరల ఆగిపోయినారు.

"తాతయ్యా, నేను తాళం వేస్తా, నువ్వు నడు" అన్నది ఆ పిల్ల.

ఆ సాయంత్రము ఆమె తాళము వేయుచుండగా ఆయన ఆ గడపను ఆరుమార్లు దాటినారు. ఆ దంపతులు ఇద్దరును కంటతడి పెట్టుకొన్నారు. అది నా మందు గుణము కాదు. ఆ మాట వారికి అక్కడనే చెప్పితిని.

ఇది ఎట్లు సాధ్యమైనది?

ఆరోగ్యవంతుని నడకకు లోపలనే ఒక తాళము ఉండును. ఏ అడుగు ఎప్పుడు వేయవలెనో మెదడులోని లోతైన కేంద్రములు తమంతట తామే చూచుకొనును. పార్కిన్సన్ వ్యాధిలో దెబ్బతినునవి ఆ కేంద్రములే. కాలిలో బలమున్నది, నడవవలెనను కోరికయు ఉన్నది. "ఇప్పుడు" అని చెప్పువాడు లోపల లేడు. వెలుపలి తాళము చెవి ద్వారా ప్రవేశించి, చెడిన మార్గమును తప్పించి, వేరొక మార్గమున కాలికి ఆ "ఇప్పుడు" అను మాటను అందించునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. కదలకుండ కూర్చుండి తాళము వినుచున్న మనిషి మెదడులో సైతము కదలికలకు సంబంధించిన భాగములు మేల్కొనుచున్నవని మెదడు చిత్రములు తీసి చూపినారు. భజన పందిరిలో మన పాదము కదలుటకును, ఆ ఉపాధ్యాయుల పాదము గడప దాటుటకును మూలము ఇదియే.

1996లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధనలో పార్కిన్సన్ రోగులు మూడు వారములు ఇంటివద్దనే తాళయుక్తమైన సంగీతము వినుచు ప్రతిదినము అరగంట నడచినారు. వారి నడక వేగము సగటున నూటికి 25 వంతులు, అడుగు పొడవు 12 వంతులు పెరిగినవి. అటు పిమ్మట ఈ పద్ధతి అనేక దేశములలో ఫిజియోథెరపీలో భాగమైనది.

చరకుడు వ్యానవాయువు చేయు పనులను చెప్పుచు నడకను, అవయవములను చాచుటను, కంటిరెప్ప పాటును ఒకేచోట చేర్చినాడు. నడకకును రెప్పపాటునకును ఏమి సంబంధమని చదువుకొను రోజులలో అనుకొనెడివాడను. కంపవాత రోగిని పరికించి చూడండి. అడుగు కుంచించుకొనిపోవును, రెప్ప వేయుట కూడ తగ్గిపోవును. ప్రాచీనుల పరిశీలన ఎంత నిశితమైనదో అప్పుడు తెలియును.

ఇంటిలో ఆచరింపదగినవి

1. నడక తడబడు వృద్ధులకు: ముందుగా వారు తమంతట తాము ఒక నిమిషములో ఎన్ని అడుగులు వేయుచున్నారో లెక్కించండి. సరిగా ఆ వేగములోనే చప్పట్లు గాని, చిడతలు గాని వాయించండి. సెల్‌ఫోనులో దొరకు మెట్రోనోమ్ కూడ చాలును. వారికి చిన్ననాటినుండి ఇష్టమైన పాట అయినచో మరింత మేలు. రోజుకు పది నిమిషములతో ప్రారంభించి క్రమముగా అరగంట వరకు పెంచవచ్చును. వారము గడచి నడక స్థిరపడిన పిమ్మట వేగమును నూటికి అయిదు వంతులకు మించకుండ పెంచండి. ఒకరు ప్రక్కనే ఉండవలెను. నేలపై తడి, తివాచీ అంచులు, వైర్లు లేకుండ చూడండి.

2. కాలు అతుక్కుపోయినప్పుడు: చేయి పట్టి లాగరాదు. "ఆగండి" అని చెప్పి, నిటారుగా నిలబెట్టి, ఒక నిండు ఊపిరి తీసుకొననిండు. బరువును ఒక కాలినుండి మరియొక కాలిపైకి మెల్లగా మార్చుకొనవలెను. తరువాత "ఒకటి, రెండు" అని లెక్కించుచు, మూడవ దెబ్బకు అడుగు వేయించండి.

3. పసిబిడ్డలకు: స్నానమునకు ముందు నువ్వులనూనెతో మర్దన చేయునప్పుడు చేతి కదలికలను ఒకే తీరున, నెమ్మదిగా సాగనిండు. జోలపాటకు మంచి గొంతు అక్కరలేదు, ఒకే తీరున సాగుట చాలును. ఉయ్యాలను మెల్లగా ఊపవలెను. ఎంత విసుగు కలిగినను బిడ్డను పట్టుకొని కుదుపరాదు. అది ప్రాణాపాయము.

4. మనసు కలతపడినవారికి: యోగశాస్త్ర సంప్రదాయము మనిషికి దినమునకు 21,600 శ్వాసలని చెప్పును, అనగా నిమిషమునకు పదునైదు. 2001లో ఇటలీ దేశపు వైద్యులు జపమాల త్రిప్పుచు ప్రార్థన చేయువారిని, మంత్రజపము చేయువారిని పరీక్షించగా, వారి శ్వాస నిమిషమునకు సుమారు ఆరుకు తగ్గినది, గుండె లయ దానితో చక్కగా కలిసినది. మీ మతమేదైనను, మీకు వచ్చిన స్తోత్రమునో, ప్రార్థననో సాయంకాలము పది నిమిషములు తొందరపడక, ఊపిరికి అనుగుణముగ పఠించండి.

5. నిత్యజీవితమున: లేచు వేళ, భుజించు వేళ, నిద్రించు వేళ ప్రతిదినము ఒకటిగా ఉండునట్లు చూచుకొనండి. దినచర్య అనునది దేహము మొత్తమునకు వేయు తాళము. వాతప్రకృతి గలవారికి ఇది మరింత అవసరము.

జాగ్రత్తలు

తాళము రోగమును పోగొట్టదు, నడకకు ఊతమిచ్చును. పార్కిన్సన్ వ్యాధికి వాడుచున్న మాత్రలను ఎట్టి పరిస్థితిలోను స్వయముగా మానరాదు. దూలగొండి (కపికచ్ఛు) గింజలలో ఎల్-డోపా అను పదార్థమున్నదని 1937లో దామోదరన్, రామస్వామి అను మన దేశపు శాస్త్రజ్ఞులే వెల్లడించినారు. నరముల వైద్యులు ఇచ్చు మాత్రలలో ఉండునది కూడ అదే పదార్థము. కావున ఎవరో చెప్పినారని దూలగొండి చూర్ణమును కొని ఆ మాత్రలతోపాటు వాడినచో మోతాదు మించి, వాంతులు, కళ్లు తిరుగుట, మతిభ్రమ, అదుపులేని కదలికలు కలుగవచ్చును. వైద్యుల ఇరువురకును తెలిపి మాత్రమే వాడవలెను.

నాడి అకస్మాత్తుగా క్రమము తప్పి కొట్టుకొనుచున్నను, గుండెదడతోపాటు ఆయాసము, ఛాతీ నొప్పి, కళ్లు తిరుగుట ఉన్నను, పాటలతోను కషాయములతోను కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను. పండుగ ఊరేగింపులలో పెద్ద పెద్ద సౌండు బాక్సుల ముందు పసిపిల్లలను, వృద్ధులను, గుండెజబ్బు గలవారిని నిలబెట్టరాదు. లయ మేలు చేయుటకు చెవులు దిమ్మెక్కునంత చప్పుడు అక్కరలేదు.

ఆ ఉపాధ్యాయులు అటు తరువాత మూడేండ్లు జీవించినారు. వ్యాధి తన దారిన అది ముదిరినది, దానిని మేమెవ్వరమును ఆపలేకపోయితిమి. అయితే ఆ మూడేండ్లలో ఆయన గడప దగ్గర మరల పడలేదు. మనుమరాలు బడికి పోయిన సమయమున భార్యయే తాళము వేసెడిది. ఆమెకు సంగీతము రాదు. రోజులు గడచిన కొలది ఆయన గడప దగ్గరకు వచ్చి, తనంతట తానే తొడపై వ్రేళ్లతో తాళము వేసికొని దాటుట అలవరచుకొన్నారు.

మీ ఇంట అటువంటి పెద్దవారున్నచో ఈ పూటే ఒకమారు ప్రయత్నించి చూడండి. ఖర్చు లేదు, కావలసినది మీ రెండు చేతులు, కొంత ఓపిక. వారి ప్రక్కన నిలిచి, వారి అడుగుకు సరిపడునట్లు చప్పట్లు కొట్టండి.